చీర మీద చొక్కా

శ్రీకాకుళం నుంచి ఒక చెల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దంది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నా వయసు 24. డిగ్రీ అయ్యాక ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాను. ఆ మధ్య న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ బిల్ కనింగ్‌హామ్ మీద తీసిన డాక్యుమెంటరీ చూశాను. 80 ఏళ్ల పెద్దాయన సైకిలు మీద తిరుగుతూ, రోడ్డున పోయేవాళ్లు ఏం కట్టుకున్నారో, ఏం వేసుకున్నారో ఫొటోలు తీస్తుంటాడు. అది చూశాక మన ఊళ్లో నేనూ మొదలుపెట్టాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. ఒకరోజు రైతు బజారు దగ్గర ఒక మామ్మ చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని నడిచొస్తోంది. ఎంత బావుందో! తీసి పెట్టాను. ఎవరో దాన్ని తీసుకుని మీద వెటకారంగా రాసి వాట్సాప్‌లో తిప్పారు. ఎక్కడ చూసినా నవ్వే బొమ్మలే. నేను తీసేసే లోపే ఊరంతా పాకిపోయింది. అప్పటి నుంచి కెమెరా పట్టుకోవాలంటే టెన్షన్. ఫ్రెండ్సేమో 'శ్రీకాకుళంలో ఫ్యాషనేంటే, హైదరాబాద్ పో' అంటున్నారు. ఒక బట్టల షాపాయన తన షాపు బట్టలు వేసుకున్నవాళ్లని తీసి పేజీలో పెడితే నెలకి 8 వేలు ఇస్తానంటున్నాడు. ఇంట్లో అమ్మ 'ఆడపిల్లవి, రోడ్డు మీద నిలబడి ఈ ఫొటోలేటి, రేపు సంబంధాలొస్తాయా' అని ఒకటే గోల. నాకేమో ఉద్యోగం మానేసి ఇదే చెయ్యాలనుంది. ఏం చెయ్యమంటారు? కెమెరా కూడా మార్చాలా?"

చెల్లీ,

షాపు సంగతి, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మామ్మ గురించి మాట్లాడుకోవాలి.

నువ్వు తీసిన ఫొటోలో తప్పేం లేదు. ఊడుపుల రోజుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పొలం గట్టున నిలబడ్డా ఆ వేషమే కనిపిస్తుంది. ఉపాధి హామీ పనుల దగ్గరా అదే. అది ఏమీ తోచక వేసుకున్నది కాదు. వరి ఆకు అంచు మోచేతుల దాకా కోసేస్తుంది, అందుకని పొడుగు చేతులు. ఎండకి వీపు మాడకుండా దళసరి బట్ట. చీరకి జేబుండదు, చొక్కాకి ఉంటుంది. ఆ జేబులో ఫోను, పది నోట్లు, కొందరికైతే చుట్టా అగ్గిపెట్టే. బురదైతే సాయంత్రం ఆ చొక్కా ఒక్కటీ జాడించి ఆరేసుకుంటే సరిపోతుంది, చీరకి అంత మకిలి పట్టదు. కొడుకుదో, పెనిమిటిదో పాత చొక్కా. పైసా ఖర్చు లేకుండా, ఇన్ని అవసరాలు తీర్చేలా ఆడవాళ్లు తమకి తామే కుదుర్చుకున్న దుస్తులివి. నీ కంటికి అది బావుందనిపించిందంటే నీ కన్ను సరైన చోటే ఉంది.

ఇప్పుడు నువ్వు చూసిన సినిమాలో ఆ పెద్దాయన ఏం వేసుకున్నాడో గుర్తు చేసుకో. ఎప్పుడూ ఒకటే నీలం కోటు. పారిస్‌లో వీధులు ఊడ్చే పనివాళ్లు వేసుకునే రకం. చవగ్గా దొరుకుతుందని, జేబులు ఎక్కువుంటాయని, కెమెరా రాసుకుని రాసుకుని చిరిగినా బాధ ఉండదని అదే కొనుక్కునేవాడు. వాన కోటు చిరిగితే నల్ల టేపు అంటించుకుని తొడుక్కునేవాడు. ప్రపంచంలో పేరున్న డిజైనర్లందరినీ ఎరిగినవాడు తన ఒంటికి ఎంచుకున్నది పనివాళ్ల బట్ట. మీ రైతు బజారు మామ్మ ఆయనకి ఎదురుపడి ఉంటే కచ్చితంగా సైకిలు ఆపేవాడని నా నమ్మకం.

నవ్వినవాళ్ల సంగతికి వద్దాం. ఇదే దెబ్బ ఆయనకీ తగిలింది. సినిమాలో ఆ ముక్క త్వరగా వెళ్లిపోతుంది, అందుకే చెబుతున్నాను. న్యూయార్క్ టైమ్స్‌కి రాకముందు ఆయన విమెన్స్ వేర్ డైలీ అనే ఫ్యాషన్ పత్రికకి పనిచేశాడు. ఒకసారి ఫ్యాషన్ షోలో మోడళ్లు వేసుకున్న బట్టలనే బయట మామూలు ఆడవాళ్లు ఎలా వేసుకుంటున్నారో చూపిస్తూ ఫొటోలు ఇచ్చాడు. ఆయన ఉద్దేశం వాళ్లని మెచ్చుకోవడం. పత్రికవాళ్లు కింద రాసే మాటలు మార్చేసి ఆ ఆడవాళ్లని ఎగతాళి చేశారు. ఆయన అక్కడ పనిచెయ్యడం మానేశాడు. తన కెమెరా ముందుకొచ్చిన మనిషి తనవల్ల నవ్వులపాలయ్యిందన్న బాధ ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు.

చూశావా, అక్కడా పాడుచేసింది ఫొటో కాదు, దాని కింద చేరిన మాట. నీకు జరిగిందీ అంతే. కాబట్టి ఫొటోలు మానడం దీనికి మందు కాదు. ఫొటోని ఎలా పెట్టాలో నేర్చుకోవాలి.

ఆయన టైమ్స్‌లో వేసిన పేజీల్ని ఒకసారి నిదానంగా చూడు. ఒక్క మనిషి ఫొటో పెద్దది చేసి వెయ్యడం తక్కువ. పేజీ నిండా పదులకొద్దీ చిన్న చిన్న ఫొటోలు, అన్నిటిలో ఒకటే విషయం. ఒక వారం అందరూ ఒకే రంగు, ఇంకో వారం ఒకే రకం బూట్లు, మరో వారం నడుము దగ్గర కోటు కట్టుకునే తీరు. సినిమాలో నాకు బాగా నచ్చినవి ఆయన పత్రికాఫీసులో కూర్చుని, పేజీ పెట్టే కుర్రాడి పక్కన చేరి, ఈ ఫొటో ఇక్కడ, అది అక్కడ అని పట్టుబట్టే దృశ్యాలు. పెద్ద పెద్ద పార్టీల దృశ్యాలకంటే అవే ఆయన పనిని చూపిస్తాయి. ఒక మనిషిని ఒంటరిగా నిలబెడితే లోకం ఆ మనిషిని చూస్తుంది, వంకలు వెతుకుతుంది. అదే చొక్కాని పదిమంది ఒంటి మీద వరసగా చూపిస్తే చూపు మనిషి మీంచి బట్ట మీదికి మళ్లుతుంది. ఇదొక పద్ధతని, దీనికో కారణం ఉందని అర్థమవుతుంది. పన్నెండుమంది ఆడవాళ్లు, పన్నెండు చొక్కాలు, గళ్లవి, గీతలవి, స్కూలు యూనిఫాంవి, ఏదో పార్టీ ప్రచారానికి ఇచ్చినవి. కింద నువ్వే రెండు ముక్కలు రాయి: చేతులు ఎందుకు పొడుగు, జేబులో ఏముంది, చొక్కా ఎవరిది. దాన్ని పట్టుకుని వెటకారం చెయ్యడం కష్టం. చేసినా ఎవరూ నవ్వరు.

ఆ మామ్మ దగ్గరికి మాత్రం వెళ్లు. రైతు బజారుకి వచ్చేవాళ్లు రోజూ ఇంచుమించు ఒకే వేళకి వస్తారు, అడిగితే కూరగాయల దగ్గర కూర్చునేవాళ్లు ఆనవాలు చెబుతారు. మీ స్టూడియోలోనే మంచి ప్రింటు వేయించి తీసుకెళ్లు. జరిగింది దాచకుండా చెప్పు. తిడితే పడు, నీ మీద కాదు ఆ కోపం. "నన్నేటికి తీసినావు పాపా?" అని అడిగితే నీకు బావుందనిపించిన సంగతే చెప్పు. మళ్లీ తియ్యడానికి ఒప్పుకుంటుందో లేదో ఆమె ఇష్టం. ఇక ఆ ఫొటో ఇంకా ఎక్కడైనా తిరుగుతుంటే ఊరుకోకు. మన కాపీరైట్ చట్టం ప్రకారం నీకోసం నువ్వు తీసుకున్న ఫొటో మీద హక్కు నీదే. ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో కాపీరైట్ కింద రిపోర్ట్ చేసి తీసేయమని అడగొచ్చు.

అడిగి తియ్యాలా, అడక్కుండా తియ్యాలా అని నువ్వు రాయలేదు గానీ నీ టెన్షన్‌లో సగం అదే. కనింగ్‌హామ్ చాలాసార్లు అడిగేవాడు కాదు. మనిషికి తెలిసిందంటే నడక మారిపోతుందని ఆయనకి తెలుసు. వానలో, మంచులో, రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు బయల్దేరడం అందుకే. గుంట దాటే మనిషి కెమెరాని పట్టించుకోదు. కానీ ఆయనది న్యూయార్క్. ఆ జనంలో ఎవరు ఎవరో ఎవరికీ తెలీదు. ఫొటో ఆదివారం పేపర్లో వచ్చేది. మనది అందరూ అందరినీ ఎరిగిన ఊరు. ఏడు రోడ్ల జంక్షన్‌లో తీసిన ఫొటో సాయంత్రానికల్లా ఆ అమ్మాయి మేనమామ ఫోన్‌కి చేరుతుంది. అందుకని ఇక్కడ ఆయన దారి యథాతథంగా పనికిరాదు. ముందు తియ్యి, నడక పోకుండా ఉంటుంది. తీసిన వెంటనే దగ్గరికెళ్లి చూపించు, పేజీలో పెట్టొచ్చా అని అడుగు. వద్దంటే వాళ్ల కళ్ల ముందే చెరిపెయ్యి. ఇంకోసారి బతిమాలకు. పిల్లలనైతే తల్లో తండ్రో పక్కనుండి ఒప్పుకుంటే తప్ప పెట్టకు. ముఖం వద్దన్నవాళ్లని పాదాలో, కొంగో, భుజమో చాలా అని అడుగు.

భుజం అంటే గుర్తొచ్చింది. 1978లో ఆయన రోడ్డు మీద ఒకావిడ కోటు చూసి, దాని భుజం కత్తిరించిన తీరు ఎంత బావుందో అనుకుని తీశాడు. తీరా చూస్తే ఆవిడ గ్రెటా గార్బో, ఎవరికీ కనపడకుండా బతుకుతున్న పాతతరం హాలీవుడ్ తార. ఆయనకి ముఖం పట్టలేదు, కోటే పట్టింది. ఆ ఫొటో నుంచే టైమ్స్‌లో ఆయన దశ తిరిగింది. చూపు బట్ట మీద అంత గట్టిగా నిలిస్తే ముఖం లేకపోయినా ఫొటోకి లోటు రాదు.

నువ్వు ఆడపిల్లవి కావడం ఈ పనికి కలిసొచ్చే విషయం. ఒక కుర్రాడు కెమెరాతో ఆడవాళ్ల వెనక నిలబడితే వచ్చే అనుమానం నీకు రాదు. పిన్నీ, మామ్మా అని పలకరించి పక్కన కూర్చోగలవు. కొంగు ఎక్కడ దోపిందీ, చొక్కాకి కింద బొత్తాం ఎందుకు వదిలేసిందీ వాళ్లే చెబుతారు.

శ్రీకాకుళంలో ఫ్యాషన్ లేదన్న మీ ఫ్రెండ్స్ మాట నాకు కోపం తెప్పించింది. పొందూరు మీకు గంట దూరం కూడా లేదు కదా! వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, నూరు కౌంటు దాటిన సన్నని నూలు చేత్తో వడికే ఊరు అది. ఆ నూలు పంచె కట్టుకున్న పెద్దాయన పెళ్లిపందిట్లో కుచ్చిళ్లు సర్దుకునే తీరు తీశావా ఎప్పుడైనా? అంచు ఎక్కడికి రావాలో, ఎంత వదలాలో ఆయనకో లెక్కుంటుంది. ఆ కట్టు తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. నువ్వు తియ్యకపోతే ఆ లెక్క ఫొటోలో కూడా మిగలదు.

అలాగే స్కూటీల మీద వెళ్లే అమ్మాయిలు. ముఖానికి చున్నీ చుట్టడం ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. కొందరు రెండు కొసలూ వెనక ముడేస్తారు, కొందరు చెవి పక్కన దోపుతారు, కొందరికి కళ్లు తప్ప ఏమీ కనపడవు. చేతులకి మోచెయ్యి దాటిన గ్లవ్స్. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక్క ఎండాకాలం మధ్యాహ్నం నిలబడితే నీకు పేజీ నిండుతుంది, పైగా ముఖాలు ఎలాగూ కనపడవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు! ఆదివారాలు అరసవల్లి సూర్యదేవుడి గుడి. రథసప్తమికి ముందురోజు రాత్రి నుంచే క్యూలో నిలబడే జనం చలికి ఏం కప్పుకొస్తారో చూడు, దుప్పటి, శాలువా, కొడుకు జెర్కిన్, అన్నీ పట్టుచీరల మీదే. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్లు నల్లబట్టల్లో ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్తారు, ఆ నలుపుని ఒక్కొక్కడూ ఒక్కోలా కుట్టించుకుంటాడు. ఇచ్ఛాపురం వైపు వెళ్తే చీర కట్టులో ఒడిశా వాసన కనిపిస్తుంది, కొంగు తల మీదికి వస్తుంది. మా విజయనగరానికి దసరా వెళ్లాక వచ్చే మంగళవారం రా. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడ్డానికి చుట్టుపక్కల పల్లెలన్నీ మూడు లాంతర్ల కూడలి దగ్గరికి కొత్తబట్టల్లో దిగుతాయి. సిరిమానుని అందరూ తీస్తారు, నువ్వు చూడ్డానికొచ్చిన జనాన్ని తియ్యి. ముసలమ్మల ముక్కుకి అడ్డబాసలు, పచ్చబొట్లు, వాళ్ల పక్కనే మనవరాళ్ల జీన్సులు, ఒకే ఆటోలోంచి దిగుతాయి.

హైదరాబాద్‌లో ఇది దొరకదు. అక్కడ ఇప్పటికే తీసేవాళ్లు బోలెడుమంది.

షాపాయన 8 వేల సంగతి. ఈ పేజీలోకి ఆ డబ్బు రానివ్వకు. కనింగ్‌హామ్ డీటెయిల్స్ అనే పత్రికకి ఏళ్ల తరబడి పేజీలకి పేజీలు ఫొటోలు ఇచ్చి, వాళ్లిచ్చిన చెక్కులు చింపేశాడు. డబ్బు పుచ్చుకోకపోతే ఏం చెయ్యాలో చెప్పే హక్కు వాళ్లకుండదు అనేవాడు. పార్టీలకి వెళ్తే మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. నీ విషయంలో కూడా అంతే జరుగుతుంది. ఈ నెల ఆయన బట్టలు తీస్తావు, వచ్చే నెల పక్క షాపు సంచి కనపడకూడదంటాడు, ఆపైన మామ్మ చొక్కా ఫొటో తమ పేరు పక్కన బాగోలేదంటాడు. ఆయనకి మర్యాదగా ఇలా చెప్పు: "మీ షాపుకి విడిగా ఫొటోషూట్ చేస్తాను బాబాయ్, ఫొటోలు మీ పేజీలో పెట్టుకోండి, రోజుకింత." అది నువ్వు నేర్చిన పని, దానికి డబ్బు తీసుకోవడం ధర్మం. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే ఆయనకి కావాల్సింది నీ ఫొటోలు కావు, నీ పేజీ మీద జనానికున్న నమ్మకం.

ఉద్యోగం మానకు. ఈ మాట నీకు నచ్చదని తెలుసు. సినిమా చూసినవాళ్లకి ఆయన గది గుండె పట్టేస్తుంది. కార్నెగీ హాల్ పైన ఇరుకు గది, వంటిల్లు లేదు, స్నానాల గది వరండా చివర అందరితో కలిపి. నెగెటివ్‌లు దాచిన ఇనప బీరువాల మధ్య మంచం. అలా బతకడమే స్వేచ్ఛ అనిపిస్తుంది. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. చాలా ఏళ్లు ఆయన టైమ్స్‌లో ఉద్యోగిగా చేరడానికి ఒప్పుకోలేదు, ఫొటోకింతని ఇస్తే చాలన్నాడు. 1993లో సైకిలు మీద వెళ్తుంటే ట్రక్కు గుద్దింది. ఆసుపత్రి ఖర్చులకి ఇన్సూరెన్స్ కావాలని ఆ మరుసటి ఏడాది జీతానికి చేరాడు, అప్పటికి అరవై దాటాయి. అంత పట్టుదల మనిషికే అవసరం వచ్చి పడింది. చేరాక ఆయన ఫొటోలేమీ చెడిపోలేదు. నీ జీతం ఇంటికి ఎంత ఆసరాయో నువ్వు రాయలేదు, కానీ అమ్మ దిగులు చూస్తే ఆసరాయేనని అర్థమవుతోంది. సెలవురోజు, పొద్దున్న పనిలోకి వెళ్లే ముందు ఒక గంట, ఇవి చాలు. పైగా మీ స్టూడియోలో రోజూ పెళ్లివాళ్ల పట్టుచీరల మధ్యే ఉంటున్నావు. ఏ సీజన్లో ఏ రంగు ఎక్కువ వస్తోందో, జాకెట్టు చేతులు ఎంత పొడుగయ్యాయో నీ కంప్యూటర్ ముందు కూర్చునే చూడొచ్చు. ఆ ఫొటోలు మాత్రం వాళ్లవి, పేజీలో పెట్టడానికి కాదు. నీ కన్ను పదును పెట్టుకోవడానికి.

ఇక అమ్మ. ఆవిడ భయం ఫొటోల మీద కాదు, రోడ్డు మీద. దాన్ని కొట్టిపారెయ్యకు. ఒక ఆదివారం అరసవల్లికి ఆవిడని కూడా తీసుకెళ్లు. దర్శనం అయ్యాక పక్కన కూర్చోబెట్టి, ఏ చీర ఏ ఊరిదో, ఏ నేతో చెప్పమను. ఆవిడకి నీకంటే నాకంటే ఎక్కువ తెలుసు. మన అమ్మలకి దూరం నుంచే చీర చూసి ధర చెప్పే చూపుంటుంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ పనిలో పెట్టలేదు. ఆవిడ చెప్పింది ఫొటో కింద రాయి, అమ్మ చెప్పిందని రాయి. సంబంధాల మాటకొస్తే, కనింగ్‌హామ్ పెళ్లి చేసుకోలేదు. సినిమాలో దర్శకుడు ఆ సంగతీ అడిగాడు. చర్చికి వెళ్లే సంగతి అడిగినప్పుడు మాత్రం ఆయన తల దించుకుని చాలాసేపు మాట్లాడలేకపోయాడు. అది ఆయన జీవితం, దానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. ఈ పనికి ఒంటరితనం షరతు కాదు. నీకు పెళ్లి కావాలనుంటే చేసుకో, వచ్చేవాడికి నీ పేజీ ముందే చూపించు. ఆ మామ్మ ఫొటో చూసి అతను ఏమంటాడో విను, మిగతా విషయాలు అడగక్కర్లేదు.

ఉత్తరం చివర్లో కెమెరా మార్చాలా అని కూడా అడిగావు. అవసరం లేదు. ఆయన మొదలుపెట్టింది 1960లలో ఒక స్నేహితుడు ఇచ్చిన 35 డాలర్ల చిన్న ఒలింపస్ కెమెరాతో, నోట్‌బుక్‌లో రాసుకున్నట్టు దీంతో తీసుకో అన్న సలహాతో. నీ దగ్గరున్నది దానికంటే నయం. డబ్బులుంటే ఒక హార్డ్ డిస్క్ కొను. ప్రతి ఫొటోకీ తేదీ, చోటు, బట్ట ఏ రకమో, ఎవరు కుట్టారో తెలిస్తే అదీ రాసి దాచు. పేజీలో పెట్టినవీ, పెట్టనివీ అన్నీ, వద్దన్నాక చెరిపేసినవి తప్ప. మొదటి ఫోల్డరు ఊడుపుల చొక్కాలదే పెట్టు, ఈ ఏడాది నాట్లు పూర్తయ్యేలోగా పన్నెండుమంది దొరుకుతారు.